వేగానికి ఓనమాలు



ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బతికినవాడికి మోటారు పందేల చరిత్రతో ఏమి పని అని మీకు సందేహం కలగవచ్చు. ఆ పని కల్పించినవాడు నా పూర్వ విద్యార్థి ఒకడు. కొంతకాలం కిందట అతడు తన కొత్త కారులో నన్ను విజయవాడ నుంచి హైదరాబాదు తీసుకొని వస్తున్నాడు. నకిరేకల్ దాటాము. చీకటి పడింది. వెనుక దీపమన్నది లేని ట్రాక్టరొకటి ఉన్నట్టుండి మా ముందు ప్రత్యక్షమైంది. అతడు బ్రేకు మీద కాలు మోపాడు. పెడలు కాలి కింద గడగడ కొట్టుకొన్నది. ఏదో విరిగిందని జడిసి కాలు తీసేశాడు. జానెడు ఎడంతో ట్రాక్టరును తప్పించుకొని, రోడ్డు పక్క మట్టిలోకి దిగి ఆగాము. చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

పెడలు అట్లా కొట్టుకోవటమంటే బ్రేకు సరిగా పని చేస్తున్నదని అర్థమట. చక్రాలు బిగుసుకొని జారిపోకుండా ఏబీఎస్ అనే అమరిక బ్రేకును క్షణానికి అనేకసార్లు వదిలి పట్టుకొంటుంది. అప్పుడు కాలు ఇంకా గట్టిగా అదిమి ఉంచాలి గాని తీయరాదు. లైసెన్సు చేతికి వచ్చి పదకొండేళ్లయిన నా శిష్యుడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత అతడు వేగంగా కారు నడపటం నేర్పే శిక్షణాలయంలో గాని, సొంత కారును పందెపు బాట మీద నడపనిచ్చే 'ట్రాక్ డే'లో గాని చేరదామని నిశ్చయించుకొన్నాడు. నాలుగైదు చోట్ల వివరాలు నాకు పంపి, "మాస్టారూ, పుస్తకాలు చదివేవారు మీరు. ఎక్కడ చేరమంటారో చెప్పండి" అన్నాడు. నాకు కారు నడపటం రాదు. ఏ విద్యనైనా దాని పుట్టుక నుంచి చదివితే గాని తలకెక్కని అలవాటు నాది. అందువల్ల ఈ వేగవిద్య ఎప్పుడు, ఎవరి చేతుల్లో పుట్టిందో వెతుకుతూ కూర్చున్నాను. తేలిందేమంటే, నేడు అన్నీ ఒకే తీరుగా కనిపించే ఈ బడులు ఒకే వంశానివి కావు. వేర్వేరు అవసరాల కోసం పుట్టిన మూడు వంశాలున్నవి. కొత్తవాడు మొదట తెలుసుకోవలసింది తాను ఏ వంశం గుమ్మంలో నిలబడి ఉన్నాడన్నది.

మొదట స్థలం పుట్టింది, గురువు తరువాత వచ్చాడు. ఇంగ్లండులో సర్రే సీమలో వేబ్రిడ్జి దగ్గర హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి తన సొంత ఎస్టేటులో, సొంత సొమ్ముతో ఒక కాంక్రీటు బాట కట్టించాడు. దాని పేరు బ్రూక్‌లాండ్స్. చుట్టుకొలత సుమారు రెండుముప్పావు మైళ్లు. మలుపుల్లో బాటను గోడలాగా ఏటవాలుగా పైకి లేపారు. 1907 జూన్‌లో అది తెరుచుకొన్నది. ఆనాడు బ్రిటన్ రోడ్ల మీద గంటకు ఇరవై మైళ్లు మించి పోరాదని చట్టం. అదే నెలలో ఎస్.ఎఫ్. ఎడ్జ్ అనే ఆయన ఆ బాట మీద ఇరవైనాలుగు గంటలు ఒక్కడే నడిపి, గంటకు దాదాపు 66 మైళ్ల సగటు సాధించాడు. తమాషా ఏమంటే, మోటారు పందేలకు అప్పటికి సొంత సంప్రదాయం లేనందువల్ల అక్కడి నిర్వాహకులు గుర్రప్పందేల పద్ధతులన్నీ ఎరువు తెచ్చుకొన్నారు. కార్లకు అంకెలు వేయటానికి బదులు, నడిపేవారికి జాకీల మాదిరి రంగురంగుల చొక్కాలు తొడిగించారు. కొత్త విద్య పాతదాని బట్టలు కట్టుకొని రావటం భాషాచరిత్రలో నాకు పరిచితమైన సంగతే గనుక ఇక్కడ కాసేపు ఆగి నవ్వుకొన్నాను.

ఇరవై ఏళ్ల తరువాత జర్మనీలో, ఐఫెల్ కొండల నడుమ, నిరుద్యోగులకు పని కల్పించే ఉద్దేశం కూడా కలిపి న్యూర్బుర్గ్‌రింగ్ నిర్మించారు. 1927 జూన్‌లో ప్రారంభమైంది. దాని ఉత్తరపు చుట్టు ఒక్కటే ఇరవై కిలోమీటర్లకు పైబడినది. అడవిలో ఎక్కుతూ దిగుతూ, ఎదుట ఏమున్నదో కనపడని మలుపులతో పోతుంది. పందేలు లేని రోజుల్లో రుసుము చెల్లించి ఎవరైనా తమ కారు నడుపుకోవచ్చునన్న ఏర్పాటు తొలినుంచీ ఉన్నది. నేటికీ ఉన్నది. నా శిష్యుడి జాబితాలో దీని పేరు కూడా చేరింది, జర్మనీలో స్నేహితుడున్నాడట. కాని జర్మన్ చట్టం దృష్టిలో ఆ రోజుల్లో అది పందెపు బాట కాదు, ఏకదిశగా పోయే సుంకపు రోడ్డు మాత్రమే. రోడ్డు నియమాలే అక్కడ చెల్లుతాయి. కాలం కొలుచుకొంటూ పోవటం నిషిద్ధం. పక్కనున్న ఇనుప కంచెకు గుద్దితే కంచె ఖరీదు గుద్దినవాడి లెక్కలో వేస్తారు. ఇది సుంకపు గేటు వంశం. రుసుము తీసుకొంటారు, గేటు ఎత్తుతారు, గురువు ఉండడు. 1976 ఆగస్టు 1న నికీ లౌడా అంతటి ప్రపంచవిజేత కారు మంటల్లో చిక్కుకొన్నది ఆ బాట మీదనే. ఆ తరువాత ఫార్ములా వన్ పందెం ఆ ఉత్తరపు చుట్టు మీద మళ్లీ జరగలేదు. మొదటిసారి పోయే మనవాడు మాత్రం టికెట్టు కొని లోపలికి పోవచ్చునట!

రెండవ వంశం పోలీసులది. దీనిని గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు గాని, నన్ను అడిగితే ఈ చరిత్రకంతటికీ ఇదే ఆయువుపట్టు. 1930లలో లండన్ నగర పోలీసులకు కార్లు వచ్చినవి, వాటితోపాటు ప్రమాదాలూ వచ్చినవి. దొంగను పట్టబోయిన బండి గోడను పట్టుకొంటున్నది. కమిషనరుగా ఉన్న లార్డ్ ట్రెంచార్డ్ కాలంలో హెండన్‌లో పోలీసు కళాశాల, దాని వెంటనే డ్రైవింగు బడి ఏర్పడినవి. ఆ బడికి పద్ధతి కూర్చటానికి కాటెన్‌హామ్ ప్రభువును పిలిపించారు. ఆయన బ్రూక్‌లాండ్స్‌లో పందేలు నడిపినవాడే. పందెగాడిని పిలిచి పోలీసులకు పాఠం చెప్పమనటంలో ఒక సాహసమున్నది. కాని ఆయన నేర్పినది వేగంగా పోవటం కాదు, ఒక క్రమం. మలుపు రాకముందే దారిలో మన స్థానం ఎంచుకోవాలి. వెనుక చూసుకోవాలి. తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించాలి. తగిన గేరు వేయాలి. ఆ తరువాతనే చక్రం తిప్పాలి. మలుపు విచ్చుకొన్న తరువాత గాని మళ్లీ వేగం అందుకోరాదు. ఈ మెట్లలో ఒకటి తప్పితే తక్కినవన్నీ తప్పుతాయి. గణవిభజన తప్పిన పద్యంలో యతి కోసం వెతుక్కోవటం లాంటిది.

హెండన్‌లో మరొక సాధన ఉండేది. నడిపేవాడు నడుపుతూనే తన కంటికి కనిపించేవన్నీ పైకి చెప్పాలి. ముందు సైకిలు, ఎడమన తెరిచిన గేటు, దూరంగా ఆగిన బస్సు, బస్సు కింద నుంచి కనిపించే ఎవరివో కాళ్లు... ఇట్లా. పక్కన కూర్చున్న గురువు వింటూ ఉంటాడు. శిష్యుడు చెప్పలేదంటే చూడలేదన్నమాట. చేతిలోని చక్రాన్ని కాక, కంటిని దిద్దే పద్ధతి ఇది. నలభై ఏళ్లు పిల్లలచేత పద్యం పైకి చదివించిన నాకు దీని విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మనసులో చదువుకొనేవాడు ఎక్కడ తడబడుతున్నాడో గురువుకు తెలియదు. ఈ పద్ధతే తరువాత 'రోడ్‌క్రాఫ్ట్' అన్న పుస్తకంగా 1950ల నడిమిలో జనులకూ అందుబాటులోకి వచ్చింది. బ్రిటన్ పోలీసు డ్రైవర్లకు నేటికీ అదే ప్రమాణగ్రంథం.

మూడవది పందెగాళ్ల వంశం. యుద్ధం ముగిసిన తరువాత ఇంగ్లండులో ఎక్కడ చూసినా వదిలివేసిన విమానక్షేత్రాలే. సిల్వర్‌స్టోన్, గుడ్‌వుడ్, స్నెటర్టన్, థ్రక్స్‌టన్, ఇవన్నీ బాంబర్లో యుద్ధవిమానాలో ఎగిరిన నేలలే. రన్‌వేల చుట్టూ ఉన్న రోడ్లు పందెపు బాటలైనవి. నార్ఫక్ సీమలో గరాజు నడుపుకొనే జిమ్ రసెల్ అనే ఆయన చిన్నకార్ల పందేల్లో వరుసగా గెలిచి, 1957 ప్రాంతంలో స్నెటర్టన్‌లో బడి తెరిచాడు. ఆ కార్లలో ఒక్కరికే చోటు. గురువు పక్కన కూర్చోవటానికి వీలు లేదు. బాట పక్కన నిలబడి, మలుపులో కారు ఎక్కడ తిరిగింది, బ్రేకు ఎక్కడ పడింది అన్నది కంటితో పట్టుకొని, శిష్యుడు తిరిగి వచ్చాక చెప్పాలి. శిష్యుడికి ఇంజను వేగంలో ఒక హద్దు గీసి ఇస్తారు. హద్దు దాటాడా లేదా అన్నది మీటరులో చిక్కుకొని మిగిలిపోయే రెండో ముల్లు పట్టిస్తుంది. పరీక్షలో కాపీ కొట్టేవాడిని పట్టుకొనే ఉపాయం ఎక్కడైనా ఒకటే!

ఈ బడులకు పెద్ద తలనొప్పి ఖర్చు. కొత్తవాడు గేరు తప్పు వేసి పందెపు ఇంజనును పాడుచేస్తే మరమ్మతుకు బడి ఆస్తి చాలదు. బ్రాండ్స్ హ్యాచ్‌లోని ఒక బడివారు దీనికి విసిగి, పందెపు కారులో మామూలు ఫోర్డ్ కోర్టినా ఇంజను, రోడ్డు టైర్లు అమర్చి చూశారు. చవకగా, గట్టిగా పని చేసింది. దాని నుంచే 'ఫార్ములా ఫోర్డ్' పుట్టింది. 1967 జూలైలో తొలి పందెం జరిగింది. ఆ తరువాత అయర్టన్ సెనా వంటి వారెందరో ఆ మెట్టు మీదనే అడుగు పెట్టి పైకి పోయినవారు. పిల్లవాడు విరగ్గొడతాడని ఇచ్చిన మట్టిపలక నుంచి ఒక పెద్ద విద్యాశాఖ పుట్టిన వైనమిది.

అమెరికాలోనూ ఇదే కాలం. కారల్ షెల్బీ 1959లో లె మాన్స్ గెలిచినవాడు. గుండెజబ్బు ముదిరి, నాలుక కింద మాత్ర పెట్టుకొని పందేలు నడిపి, 1960లో మానుకొన్నాడు. మరుసటి ఏడు కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో బడి పెట్టాడు. బాబ్ బాండరెంట్ కథ ఇంకా ఘోరం. 1967లో వాట్కిన్స్ గ్లెన్‌లో గంటకు నూటయాభై మైళ్ల వేగంలో ఉండగా ఆయన కారు స్టీరింగు విరిగింది. మళ్లీ నడవగలడో లేదోనన్నారు. మంచం మీద ఉండి ఏమి నేర్పాలో ఆలోచించుకొని, 1968లో బడి తెరిచాడు. పాల్ న్యూమన్ అనే నటుడు ఒక సినిమా కోసం ఆ బడిలో తొలి విద్యార్థుల్లో ఒకడై, ఆ తరువాత నిజంగానే పందేలు నడిపాడు. ఇటలీలో పియెరో టరూఫీ 1957లో, యాభై ఏళ్ల వయసులో, రోడ్ల మీద వెయ్యి మైళ్లు సాగే మిల్లె మీలియా పందెం గెలిచాడు. ఆ రోజే మరొక కారు జనం మీదికి పోయి, నడిపేవాడూ అతని తోడూ కాక ప్రేక్షకులు తొమ్మండుగురు మరణించారు. వారిలో అయిదుగురు పిల్లలు. ఆ పందెం అంతటితో ఆగిపోయింది. గెలిచిన టరూఫీ కూడా పందేలు విరమించుకొన్నాడు. స్వతహాగా ఇంజనీరు గనుక మలుపులో కారు ఎట్లా ప్రవర్తిస్తుందో లెక్కలతో సహా గ్రంథం రాశాడు. జిమ్ రసెల్ సైతం బడి తెరిచిన రెండేళ్లకు, 1959లో, లె మాన్స్‌లో తీవ్రంగా గాయపడినవాడే. వీరి వరుస చూస్తుంటే నాకు ఒక సంగతి తోచింది. వేగానికి గురుపీఠాలు వేసినవారిలో చాలామందిని వేగమే ఎక్కడో ఒకచోట కొట్టి ఉన్నది. అందుకే కాబోలు, వారి మొదటి పాఠాలన్నీ ఆగటం గురించే ఉన్నవి.

మన వైపు సంగతి చెప్పకుండా పోతే తప్పవుతుంది. నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలో, గుమ్మిడిపూండి దాటి రెడ్‌హిల్స్ చేరకముందు, షోలవరం వస్తుంది. అక్కడ కూడా రెండో యుద్ధం నాటి రన్‌వేనే. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడి, దశాబ్దాల పాటు అక్కడ పందేలు జరిపింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నేనొకసారి మిత్రుని బలవంతం మీద చూడబోయాను. దుమ్ము, ఎండ, చెవులు చిల్లులు పడే మోత తప్ప ఏమీ గుర్తు లేవు. నేర్పేవారెవరన్న ప్రశ్న ఆనాడు నాకు తోచనే లేదు. క్లబ్బు తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత బాట నిర్మించుకొన్నది. 1990లో అది వాడుకలోకి వచ్చింది. బ్రాండ్స్ హ్యాచ్‌లో కోర్టినా ఇంజను చేసిన పనిని ఇక్కడ మారుతి 800 ఇంజను చేసింది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర మారుతి ఇంజనుతో ఒంటిసీటు పందెపు కారు తయారుచేశాడు. ఆయన 1995లో విమానప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు బాటకు ఆయన పేరే పెట్టారు. నరేన్ కార్తికేయన్ 1992లో ఫ్రాన్సు పోయి విన్‌ఫీల్డ్ బడిలో నేర్చుకొని వచ్చి, ఆ మారుతి కార్లలో పందేలు మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్‌కు చేరిన తొలి భారతీయుడైనాడు. బడి దేశాంతరంలో ఉండగా, సాధన మన దేశంలో జరిగిందన్నమాట.

ఆ ఇరుంగాట్టుకోట్టై బాట మీదనే 2023 జనవరిలో 59 ఏళ్ల అనుభవజ్ఞుడు కారు పందెంలో, ఆగస్టులో 13 ఏళ్ల బాలుడు మోటారుసైకిలు పందెంలో ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు వార్తలు కత్తిరించి నా శిష్యుడికి పంపాను. అనుభవం ఒకరిని కాపాడలేదు, చిన్నతనపు చురుకుదనం మరొకరిని కాపాడలేదు. జంకుతాడేమో అనుకొన్నాను. "అందుకే గదా మాస్టారూ నేర్చుకొంటానంటున్నది" అని జవాబిచ్చాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఇక అతడికి నేను రాసిన జాబు సారాంశం. పందెగాడివి కాదలచుకొంటే రసెల్ వంశానికి పో. కాని నకిరేకల్ చీకటిలో జరిగింది నీ లోపమైతే, నీకు కావలసింది హెండన్ వంశం. పలక మీద ఏ పేరు రాసి ఉన్నా సరే, మొదటిరోజు గురువు నీ పక్క సీటులో కూర్చుంటాడా అన్నది ముందు అడుగు. మంచిచోట ముందు గురువే నిన్ను పక్కన కూర్చోబెట్టుకొని రెండు చుట్లు నడిపి చూపుతాడు. బృహన్నల అంతటివాడు మొదట తానే పగ్గాలు పట్టి, ఉత్తరుడు రథం దూకి పారిపోతే వెంటబడి తెచ్చి, ఆ తరువాతనే అతడి చేతికి పగ్గాలిచ్చాడు. అంతఃపురంలో ఉత్తరుడు పలికిన బీరాలు మనందరమూ ఎరుగుదుము. తిక్కన ఆ కుర్రవాడిని ఎంత నవ్వించినా చిన్నబుచ్చలేదు సుమా. భయపడినవాడిని కూర్చోబెట్టి పని చేయించిన గురువు దొరికాడు, అంతే.

చుట్టుకు ఎంత కాలం పట్టిందో కొలిచి గోడమీద రాసే చోటికి మొదటిసారి పోవద్దని రాశాను. అంకె కనపడితే మనిషి ఆగడు. ఖాళీ మైదానంలో, తడిసిన నేలమీద, పదేపదే పూర్తి బ్రేకు వేయిస్తారా అని అడగమన్నాను. వేగం రెట్టింపైతే ఆగటానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. అరవైలో ఆగినట్టు నూటఇరవైలో ఆగవచ్చుననుకోవటమే రోడ్డు మీద చాలా చావులకు మూలం. ఆ లెక్క కాగితం మీద అర్థమైనంత మాత్రాన కాలికి అర్థం కాదు. కొత్తవారినీ పాతవారినీ ఒకే గుంపుగా వదిలేచోటు పనికిరాదు. దాటిపోవటం తిన్నని దారిలో మాత్రమే, అదీ ముందువాడు చెయ్యి ఊపి అనుమతించిన తరువాతనే జరగాలి. మలుపు మలుపునా జెండా పట్టుకొన్న మనిషి, వైద్యులతో అంబులెన్సు ఉండాలి. ఇవి లేనిచోట రుసుము తక్కువని సంతోషించటానికేమీ లేదు.

సొంత కారు తీసుకుపోతాననే కోరిక ఒకటి వాడికి బలంగా ఉన్నది. మొదటిసారి బడివారి కారే మేలని చెప్పాను. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరిన నూనె త్వరగా మరుగుతుంది. రోడ్డు మీద ఎన్నడూ తెలియని ఆ లోపం, బాట మీద పదేపదే గట్టిగా బ్రేకు వేసేసరికి బయటపడి, పెడలు ఊబిలో దిగినట్టు దిగిపోతుంది. పైగా మన దేశపు కారు బీమా పత్రాల్లో పందేలకు, వేగపరీక్షలకు వర్తించదని రాసి ఉంటుంది. ఆ వాక్యం చదివి వినిపించమంటే, తన పాలసీ ఎక్కడున్నదో వెతకటానికే అతడికి రెండు రోజులు పట్టింది.

చివరకు అతడు దక్షిణాదిలోనే ఒకచోట రెండు రోజుల శిక్షణకు పోయాడు. మొదటిరోజు సాయంత్రం ఫోను చేసి, పొద్దస్తమానం బ్రేకే వేయించారనీ, నాలుగో గేరు ముఖమే చూడనివ్వలేదనీ నిష్ఠూరమాడాడు. ఏబీఎస్ పెడలు కొట్టుకొంటుంటే కాలు అదిమి ఉంచటానికి తనకు పన్నెండుసార్లు పట్టిందట. లెక్క పెట్టుకొన్నాడు.

మొన్న మళ్లీ అదే దారిన నన్ను విజయవాడ తీసుకుపోయాడు. పగటివేళే బయలుదేరాము. చిట్యాల దాటినప్పటి నుంచి అతడు ఎదుట కనిపించేదంతా పైకి చెబుతూ నడిపాడు. ముందు లారీ, ఎడమ సందులో ఆటో, డివైడరు మీద గేదె, గేదె వెనుక దాని యజమాని, ఎదురుగా వంకర తిరిగిన రోడ్డు. ఆరోగ్యానికి మంచిది కాదని ఇంట్లోవాళ్లు అంటున్నా సూర్యాపేటలో ఆగి మిరపకాయ బజ్జీలు తిన్నాము. మళ్లీ కారెక్కగానే మొదలుపెట్టాడు. రెండుమూడు చోట్ల ఒత్తులు పలకలేదు. దిద్దుదామని నోటిదాకా వచ్చింది గాని, రోడ్డు వైపు చూస్తున్నవాడిని కదిలించటం ఎందుకని ఊరుకొన్నాను.